మంచుకొండల ఆయుష్షు, గౌతమి మొగ

గోదావరికి వరదొచ్చే రోజుల్లో మా కె.గంగవరం మండలంలో చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ నోటికొచ్చే అంకెలు మూడున్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి దాదాపు 10 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోతుంటుంది, మూడోదానికి 17 లక్షలు. కోటిపల్లి రేవులో పంటు ఆపాలా, లంకలో పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాలా, పొయ్యీ పొత్రం ఎత్తి పైన పెట్టాలా అన్నది ఆ అంకెల్ని బట్టే తేల్చుకుంటారు. ఫలానా ఇంటి గుమ్మంలోకి ఫలానా గంటకు నీళ్లొస్తాయని హెచ్చరిక ఇచ్చేవాళ్లు చెప్పరు, చెప్పలేరు కూడా. ఎగువన ఎంత వాన పడింది, భద్రాచలం దగ్గర మట్టం ఎంత, కాళేశ్వరం నుంచి ఎంత వస్తోంది అని లెక్క కట్టి, ఇంతదాకా రావచ్చు అంటారు. లంకలవాళ్లకు అంత మాత్రం చాలు. కదిలిపోతారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరదను చూసినవాళ్లు, 2022 జులైలో పాతిక లక్షలు దాటిన వరదను చూసినవాళ్లు ఈ మండలంలో ఇంకా మన మధ్యే ఉన్నారు. అంచనా అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ అనుభవం ఉన్న శ్రోతలతో ఇవాళ ఇంకో అంచనా గురించి మాట్లాడదామని వచ్చాను. అది గంటల్లోనో రోజుల్లోనో తేలేది కాదు. హిమాలయాల మీద, ఇంకా ప్రపంచంలోని ఎత్తయిన కొండల మీద వేల ఏళ్లుగా పేరుకుని, మెల్లమెల్లగా కిందికి జారే మంచు ప్రవాహాలున్నాయి. వాటిని హిమానీనదాలంటాం. భూమి వేడి ఇలా పెరుగుతూ పోతే అవి మిగులుతాయా, మిగిలితే ఎన్ని, ఎంత కాలం? దీన్ని లెక్కగట్టే పని యాభై ఏళ్లుగా సాగుతోంది.

మన గోదావరిలో మంచు నీటి చుక్క కూడా లేదు. ఆ మాట ముందే చెప్పుకుందాం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో బ్రహ్మగిరి మీద పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే మన నది పూర్తిగా వాన నీటి నది. జులైలో ఎర్రనీరు వచ్చిందంటే పైన నైరుతి వానలు పడ్డాయనే అర్థం. మరి గంగకూ సింధుకూ బ్రహ్మపుత్రకూ సంబంధించిన మంచు సంగతి గోదావరి పాయ గౌతమి గట్టున ఉన్నవాళ్లకెందుకు? ఆ ప్రశ్నకు జవాబు ఈ ప్రసంగం చివరిదాకా విన్నవాళ్లకు దానంతటదే దొరుకుతుందని నా నమ్మకం.

ఈ అంచనాల చరిత్రలో అందరూ ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఒక తప్పు. 2007లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలోని వాతావరణ మార్పుల శాస్త్రజ్ఞుల సంఘం తన నాలుగో నివేదిక ఇచ్చింది. వందల పేజీల ఆ నివేదికలో ఒకచోట, హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికే మాయమైపోయే అవకాశం చాలా ఎక్కువ అని ఉంది. ఆ మాటకు కొలతల ఆధారం లేదు. ఒక పత్రికలో వచ్చిన సంభాషణ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికలోకి, అక్కడి నుంచి ఇక్కడికి, సరిచూడకుండా వచ్చి చేరింది. కిలోమీటర్ల పొడవు, వందల మీటర్ల మందం ఉన్న మంచు మూడు దశాబ్దాల్లోపే కరిగిపోవడం భౌతికశాస్త్రం ఒప్పుకునేది కాదు. 2010 జనవరిలో ఆ సంఘమే తప్పు ఒప్పుకుని ఆ మాట వెనక్కి తీసుకుంది.

దానికి కొద్దినెలల ముందే మన దేశంలో ఇంకో నివేదిక వచ్చింది. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు ఎన్నికైన నాయకుడు. 2009 నవంబరులో ఆయన శాఖ భూగర్భ సర్వే సంస్థలో పనిచేసి రిటైరైన వి.కె. రైనాతో ఒక చర్చాపత్రం విడుదల చేయించింది. హిమాలయాల్లో మంచు అసాధారణంగా వెనక్కి తగ్గుతోందనడానికి ఆధారాలు చాలవని, గంగోత్రి హిమానీనదం ముఖం 2007 నుంచి 2009 దాకా దాదాపు కదలకుండా ఉన్నచోటే ఉందని అందులో ఉంది. దాని మీద పెద్ద దుమారం లేచింది. ఆ నివేదికను శాస్త్రమే కాదన్నవాళ్లున్నారు. రెండు నెలలు తిరిగాక 2035 మాట తప్పని తేలేసరికి చాలామంది ఇంకో కొసకు వెళ్లిపోయారు. ఇదంతా వట్టి భయపెట్టడమే, కొండల మీద మంచుకేమీ కాలేదు అని తీర్మానించుకున్నారు. ఇప్పటికీ సభల్లో ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. 2035 మాట తప్పు. ఏమీ కాలేదన్న మాట కూడా ఆ తర్వాతి కొలతల ముందు నిలవలేదు. ఎందుకు నిలవలేదో తెలియాలంటే ఈ కొలత ఎలా తీస్తారో కాస్త తీరిగ్గా చూడాలి.

హిమానీనదానికి పై భాగం, కింది భాగం అని రెండుంటాయి. పై భాగంలో ఏడాదిలో పడిన మంచు అంతా కరిగిపోదు, కొంత మిగిలి కిందటేటి మంచు మీద పేరుకుంటుంది. ఏళ్ల తరబడి అలా అణిగి గట్టి గడ్డవుతుంది. అక్కడ ఏటా జమ ఎక్కువ. ఆ గడ్డ తన బరువుకు తనే కిందికి జారుతుంది. దిగువన వేడి ఎక్కువ గనుక వచ్చినదంతా కరుగుతుంది, అక్కడ ఖర్చు ఎక్కువ. రెండింటి మధ్య జమా ఖర్చూ సమానమయ్యే ఎత్తు ఒకటుంటుంది. ఆ ఎత్తు ఏటికేడాది పైకి పాకుతుంటే కింది ఖర్చుకు సరిపడా జమ పైన లేదని అర్థం. ఆ ఎత్తు కొండ కొమ్మును కూడా దాటిపోతే ఇక ఆ హిమానీనదానికి జమ అనేదే ఉండదు. అప్పటినుంచి దాని దగ్గరున్నది పాత నిల్వ మాత్రమే.

ఈ జమాఖర్చు రాయడానికి మనుషులు అక్కడికి ఎక్కి వెళ్లాలి. కింది భాగంలో మంచు గడ్డలో లోతుగా రంధ్రాలు చేసి కర్రలు దిగేస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా శిగ్రి హిమానీనదం మీద దిగేసేవి వెదురు కర్రలు. మళ్లీ వచ్చినప్పుడు కర్ర ఎంత బయటపడిందో కొలిస్తే అంత మందం కరిగినట్టు. పై భాగంలో గోతులు తవ్వి, ఆ ఏడాది మంచు పొర ఎంత మందమో, ఎంత బరువో తూస్తారు. మన దేశంలో ఈ పద్ధతిలో మొదటి కొలత 1974లో హిమాచల్‌లోని గారా హిమానీనదం మీద భూగర్భ సర్వే సంస్థ మొదలుపెట్టింది. ఛోటా శిగ్రి మీద 2002 నుంచి ఏటా విడవకుండా తీస్తున్నారు. భారత భూభాగంలో 9,575 హిమానీనదాలున్నాయని సర్వే సంస్థ లెక్క. మనిషి ఎక్కి కర్ర పాతి కొలిచినవి వాటిలో పిడికెడు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఊపిరి సరిగా అందని ఎత్తులో కర్రలు కొలిచి వచ్చేవాళ్లు లేకపోతే ఇవాళ మనం మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్ల పేర్లు పత్రికల్లో పెద్దగా రావు.

ఇప్పుడు గంగోత్రి సంగతికి వద్దాం. దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న అంత పెద్ద హిమానీనదంలో ఎగువన జమ తగ్గిన సంగతి దిగువ ముఖానికి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. పైగా దిగువ భాగాన్ని రాళ్లూ మట్టీ కప్పేసి ఉంటాయి. మందంగా కప్పినచోట ఎండ తగలక కరుగు నెమ్మదిస్తుంది. కాబట్టి ముఖం ఉన్నచోటే ఉన్నా వెనకాల మంచు పలచబడుతూ ఉండవచ్చు. ముఖం జరిగిందా లేదా అని చూస్తే చాలదు, మందం చూడాలి.

మందం ఎలా చూస్తారంటే, దానికి అనుకోని చోట నుంచి సాయం అందింది. 1970లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలను ఆ తర్వాత బయటపెట్టారు. ఆ ఉపగ్రహాలు హిమాలయాల మీదుగా కూడా వెళ్లాయి. ఒకే కొండను రెండు కోణాల నుంచి తీసిన ఫొటోలుంటే దాని ఎత్తు లెక్కగట్టవచ్చు. అలా 2,000 కిలోమీటర్ల పొడవునా 650 హిమానీనదాల పాత ఎత్తుల్ని కట్టి, ఇటీవలి ఉపగ్రహాల ఎత్తులతో పోల్చి 2019లో ఒక పరిశోధన వెలువడింది. 1975 నుంచి 2000 దాకా హిమాలయ మంచు సగటున ఏటా పావు మీటరు మందం పోగొట్టుకుంటే, 2000 తర్వాత ఆ వేగం రెండింతలైందని అందులో తేలింది. మంచుకేమీ కాలేదన్న వాదన నిలబడలేదని నేనన్నది ఈ కొలతను బట్టే.

అన్నీ ఒక తీరుగా కరగడం లేదన్నది కూడా నిజమే, అది దాచకూడదు. కారకోరం పర్వతాల్లో కొన్ని హిమానీనదాలు చాలాకాలం స్థిరంగా ఉన్నాయి, కొన్ని కాస్త పెరిగాయి కూడా. పడమటి హిమాలయాలకు మంచు చలికాలపు పడమటి గాలులతో వస్తుంది. మధ్య, తూర్పు హిమాలయాలకు ఎక్కువ మంచు వేసవి నెలల్లో మన నైరుతి రుతుపవనంతోనే వస్తుంది. ఏ గాలులు గోదావరికి ఎర్రనీరు తెస్తాయో ఆ గాలులే అక్కడ మంచు కురిపిస్తాయి. వేడి కొద్దిగా పెరిగితే ఆ నెలల్లో మంచుకు బదులు వాన పడుతుంది. జమ తగ్గుతుంది. తెల్లటి కొత్త మంచు కప్పితే ఎండను వెనక్కి కొట్టేది, అది లేక కింది పాత గడ్డ ఎక్కువ కరుగుతుంది. ఒకే మార్పు జమనూ తగ్గించి ఖర్చునూ పెంచుతుంది. నేపాల్ హిమానీనదాలు ఇంత సున్నితంగా ఉండటానికి ఇదొక కారణం.

జమాఖర్చు తెలిసింది, నిల్వ ఎంతో తెలియాలి. ప్రపంచంలో ఉన్న రెండు లక్షల పైచిలుకు హిమానీనదాల మందాన్ని 2019లో ఒక బృందం లెక్కగట్టింది. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మహా మంచు పలకలు వదిలేసి, కొండల మీది మంచంతా కరిగి సముద్రంలో కలిస్తే మట్టం సుమారు 32 సెంటీమీటర్లు పెరుగుతుందని తేలింది. ఆసియా ఎత్తైన పర్వతాల్లో నిల్వ అంతకుముందు అనుకున్నదానికంటే పావు వంతు తక్కువని కూడా అప్పుడే బయటపడింది. ఆ మంచు నీటి మీద కోట్లమంది ఆధారపడి ఉన్నారు గనుక అది చిన్న విషయం కాదు.

ఇక అంచనా. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందున్నదానికంటే 1.5 డిగ్రీల దగ్గర ఆగితే, ప్రపంచ హిమానీనదాల మంచులో 2100 నాటికి నాలుగో వంతుకు కాస్త ఎక్కువ పోతుంది. 4 డిగ్రీలైతే 41 శాతం. అయితే సంఖ్యలో చూస్తే ఇంకోలా ఉంటుంది. చిన్నవి ముందు పోతాయి గనుక, 1.5 డిగ్రీలకు కూడా హిమానీనదాల్లో దాదాపు సగం పూర్తిగా అదృశ్యమవుతాయి. 4 డిగ్రీలకు వందలో 83. మన వైపు కొండల గురించి 2017లోనే ఒక అధ్యయనం చెప్పింది. ప్రపంచం 1.5 దగ్గర ఆగినా ఆసియా ఎత్తైన పర్వతాల మీద వేడి 2.1 డిగ్రీలు పెరుగుతుందనీ, అప్పుడు ఈ శతాబ్దం చివరకు అక్కడి మంచులో 64 శాతమే మిగులుతుందనీ. ఉద్గారాలు విచ్చలవిడిగా పెరిగితే ఆ 64 శాతం పోయేదవుతుంది, మిగిలేది 36.

2025లో వచ్చిన ఇంకో లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 2100తో ఆగకుండా, మంచు తన కొత్త వాతావరణానికి పూర్తిగా సర్దుకునేదాకా, అంటే వందల ఏళ్ల ముందుకు చూసిన లెక్క అది. ఇవాళే, ఈ క్షణమే వేడి పెరగడం ఆగిపోయిందనుకున్నా ప్రపంచ హిమానీనదాల మంచులో 39 శాతం పోవడం ఖాయమట. మనం ఇప్పటికే వదిలిన పొగ వల్ల పోయేది అది, ఇంకా కరగాల్సి ఉందంతే. ఇప్పుడు దేశాలు నడుస్తున్న దారిలో వేడి 2.7 డిగ్రీలకు చేరితే చివరికి మిగిలేది 24 శాతం. 1.5 దగ్గర ఆపగలిగితే సగానికి పైగా మిగులుతుంది. మధ్యలో ప్రతి పదో వంతు డిగ్రీకి దాదాపు 2 శాతం మంచు.

వరద హెచ్చరికకూ దీనికీ ఉన్న తేడా ఆ చివరి మాటలో కనిపిస్తుంది. ఎగువన వాన పడ్డాక వరద రాక మానదు, మనం చేయగలిగింది గట్టెక్కడమే. హిమానీనదాల అంచనాలో మాత్రం అన్నిటికంటే పెద్ద అనిశ్చితి మంచులో లేదు, కర్రల కొలతలో లేదు, మబ్బుల్లో కూడా లేదు. మనుషులు ఎంత బొగ్గు, ఎంత చమురు తగలబెడతారన్నదే అది. శాస్త్రజ్ఞుడు ఒక్క అంకె చెప్పకుండా రెండు మూడు చెబుతుంటే వాళ్లకే తెలియదని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ అంకెలన్నీ చెప్పేది ఒకటే, మీరు ఇలా చేస్తే ఇంత, అలా చేస్తే అంత అని.

దగ్గరి అంచనాల సంగతికొస్తే మన హైదరాబాదు పేరు చెప్పాలి. బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఇస్రో సంస్థ. హిమానీనదం కరిగి వెనక్కి తగ్గినచోట, అది మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ గట్టులా నిలిచి, వెనకాల నీరు చేరి సరస్సు అవుతుంది. ఆ గట్టు ఎవరో ఇంజనీరు కట్టింది కాదు. తెగితే దిగువ లోయంతా కొట్టుకుపోతుంది. 2013 జూన్‌లో కేదారనాథ్ మీద విరుచుకుపడిన నీటిలో చోరాబరి హిమానీనదం పక్కనున్న సరస్సు నీరూ ఉంది. ఆ యాత్రకు వెళ్లి చిక్కుకుపోయినవాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో. టీవీల ముందు కూర్చుని బంధువుల ఆచూకీ కోసం ఎదురుచూసిన కుటుంబాలు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఉన్నాయి.

అదే 2013లో హైదరాబాదు కేంద్రం శాస్త్రజ్ఞులు సిక్కింలోని హిమ సరస్సుల మీద కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణ లోనాక్ అనే సరస్సు తెగే అవకాశం 42 శాతమని, అది చాలా ఎక్కువని అందులో రాశారు. పదేళ్లు గడిచాయి. 2023 అక్టోబరు 3 రాత్రి ఆ సరస్సు తెగింది. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న నీటి విస్తీర్ణం, తెగాక 60 హెక్టార్లకు పడిపోయిందని చూపిన ఉపగ్రహ చిత్రాలు కూడా ఈ హైదరాబాదు కేంద్రం నుంచే వచ్చాయి. తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గరి 1,200 మెగావాట్ల జలవిద్యుత్తు ఆనకట్ట కొట్టుకుపోయింది. పదులమంది చనిపోయారు, ఇంకెందరో ఆచూకీ లేకుండా పోయారు. సరస్సు పక్కనున్న కొండవాలు నుంచి దాదాపు కోటిన్నర ఘనపు మీటర్ల మట్టీ రాయీ ఒక్కసారి నీటిలోకి జారడంతో అల లేచి గట్టు తెగిందని తర్వాత తేల్చారు.

ఈ ఒక్క సంఘటనలో అంచనా బలమూ ఉంది, దాని హద్దూ ఉంది. ఏ సరస్సు ప్రమాదకరమో పదేళ్ల ముందే చెప్పగలిగారు. ఏ రాత్రి తెగుతుందో చెప్పలేకపోయారు. ఎక్కడ అన్నది తెలిసినా ఎప్పుడు అన్నది తెలియనప్పుడు చేయాల్సినవి చాలా ఉన్నాయి. సరస్సు మట్టం తగ్గించడం, దిగువన హెచ్చరిక సైరన్లు, ఆనకట్టను ఎక్కడ కట్టకూడదన్న నిర్ణయం. 42 శాతం అన్న అంకె ఒక పత్రికలో అచ్చయి అక్కడే ఉండిపోతే, ధవళేశ్వరం హెచ్చరిక ఇచ్చాక కోటిపల్లి రేవులో పంటు నడిపినట్టే. 2024లో ఇస్రో ప్రకటించిన ప్రకారం, 10 హెక్టార్ల కంటే పెద్దవైన 2,431 హిమ సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా విస్తరించాయి. వాటిలో 130 మన దేశంలోవి. హిమాచల్‌లోని ఘేపాంగ్ ఘాట్ సరస్సు 1989లో 36 హెక్టార్లుంటే 2022కి 101 హెక్టార్లయింది.

కొండల సంగతి ఇలా ఉండగా, అక్కడ కరిగిన నీరంతా చివరికి చేరేది సముద్రానికే. మన జిల్లా ఉన్నది దాని ఒడ్డునే.

2000 నుంచి 2023 దాకా ప్రపంచ హిమానీనదాలు సగటున ఏటా 27,300 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకున్నాయని 2025లో ప్రచురితమైన ఉమ్మడి లెక్క చెబుతోంది. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే దాదాపు 9,600 టీఎంసీలు. మన గోదావరి ఏడాది మొత్తంలో మోసే నీటికి రెండింతలకు పైనే, ఏటా, సముద్రంలోకి కొత్తగా వచ్చి చేరుతోంది. దాని వల్ల మట్టం పెరిగింది ఈ కాలంలో 18 మిల్లీమీటర్లు. అందులో అన్నిటికంటే పెద్ద వాటా హిమాలయాలది కాదు, అలస్కాది. ఇందులో ఒక విచిత్రం ఉంది. కొండంత మంచుకు ఆకర్షణ శక్తి ఉంటుంది, చుట్టుపక్కల సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. ఆ మంచు కరిగితే దగ్గరి సముద్రం కాస్త దిగుతుంది, దూరపు సముద్రం సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. అందుకని అలస్కాలో కరిగే మంచు ప్రభావం అలస్కా ఒడ్డున కంటే మన బంగాళాఖాతం లాంటి ఉష్ణమండల సముద్రాల్లో ఎక్కువ. కోనసీమ రైతుకు హిమాలయమే కాదు, ఎప్పుడూ పేరు వినని అలస్కా కొండలు కూడా సంబంధమున్నవే.

ఉత్తర హిందూ మహాసముద్రం మట్టం 1993 నుంచి 2017 దాకా ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెప్పింది. అంతకుముందు నూరేళ్లలో అది ఏటా 1 నుంచి 1.75 మిల్లీమీటర్ల మధ్య ఉండేది. ఏడాదికి మూడు మిల్లీమీటర్లే కదా, గోదావరి ఒక్క రోజులో అడుగులకు అడుగులు పెరుగుతుంది కదా అనిపించవచ్చు. వరద పెరిగినట్టే తీస్తుంది. సముద్రం పెరిగింది తీయదు.

ఈ పెరుగుదలను ఎదుర్కోవడానికి డెల్టాకు ప్రకృతి ఇచ్చిన సాధనం ఒండ్రు. నది తెచ్చే ఒండ్రుతోనే ఈ నేల పుట్టింది, ఒండ్రుతోనే ఎత్తు నిలబెట్టుకుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా 15 కోట్ల టన్నులుంటే 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనకాల మిగిలినదంతా ఆగిపోతోంది. తీరం కోతకు గురవుతోందని కూడా వాళ్లే కొలిచి చూపారు. అంతర్వేదిలో, ఉప్పాడలో సముద్రం ఎలా ముందుకొస్తోందో మన కళ్లకే కనబడుతోంది. 2009లో ప్రపంచంలోని కుంగుతున్న డెల్టాల జాబితా ఒకటి వెలువడితే అందులో కృష్ణా, గోదావరి రెండూ ఉన్నాయి. సముద్రం పెరుగుతోంది, నేల కుంగుతోంది, నింపాల్సిన ఒండ్రు రావడం లేదు. ఈ మూడూ కలిసే మన లెక్క.

మా మండలం తీరాన లేదు కదా అని కె.గంగవరంవాళ్లు అనుకోవచ్చు. కొత్త కోనసీమ జిల్లాలో కలిసినా మనది గౌతమికి ఇవతలి గట్టు. ముక్తేశ్వరం అవతల, కోటిపల్లి ఇవతల. సముద్రం కెరటాలై మన ఇంటికి రాదు. అది వచ్చే దారులు వేరు, అవి రైతులకు బాగా తెలుసు. మొదటిది మురుగు. తూర్పు డెల్టాలో తుల్యభాగ, కోనసీమలో కౌశిక లాంటి మురుగు కాలువలు చేల నీటిని సముద్రంలోకో ఉప్పుటేరులోకో వాలు మీద దింపాలి. ఆ వాలు మొదటినుంచీ చాలా తక్కువ. పోటు సమయంలో మురుగు దిగదు, పాటు కోసం చూస్తూ నిలబడుతుంది. సముద్ర మట్టం పది సెంటీమీటర్లు పెరిగితే ఆ నిలబడే సమయం పెరుగుతుంది. సార్వా నాట్లు వేసిన చేలో నీరు రెండు రోజులు నిలిస్తే తేరుకునే పైరు, ఐదు రోజులు నిలిస్తే కుళ్లుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వేయకుండా వదిలేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల కూడా వాళ్ల బాధల్లో ఒకటి. సముద్రం ఇంకా ఇంత పెరగకముందు సంగతి అది.

రెండోది ఉప్పు. వేసవిలో బ్యారేజీ నీరంతా కాలువలకు మళ్లాక గౌతమిలో దిగువకు వదిలేది బహు తక్కువ. అప్పుడు మొగ నుంచి ఉప్పునీరు యానాం వైపు ఎగబాకుతుంది. సముద్రం పెరిగిన కొద్దీ ఆ ఉప్పు ఇంకా పైకి వస్తుంది. బోరు నీటిలో, కొబ్బరి తోటల కింది నేలలో అది మెల్లగా చేరుతుంది. మూడోది తుఫాను ఉప్పెన. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. ఉప్పెన ఎంత ఎత్తు లేచిందన్నది దాని కింద సముద్రం అప్పటికే ఎంత ఎత్తున ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కోరంగి మడ అడవులు ఆ కెరటం విసురును కొంత తగ్గిస్తాయి. వాటిక్కూడా నిలదొక్కుకోవడానికి ఒండ్రే కావాలి.

2100 నాటికి కొండల మంచు ఒక్కటే సముద్రాన్ని 9 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెంచుతుందని ముందు చెప్పిన 2023 లెక్క అంటోంది. వేడికి నీరు ఉబ్బడం, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా అన్నీ కలిపితే, ఉద్గారాలు మధ్యస్థంగా సాగిన దారిలో మొత్తం 44 నుంచి 76 సెంటీమీటర్లు అని ఐక్యరాజ్య సమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021 నివేదిక చెబుతోంది. ఇవాళ బడిలో ఒకటో తరగతి చదువుతున్న పాపకు అప్పుడు సుమారు ఎనభై ఏళ్లుంటాయి. ఆమె మనుమలు దున్నేది ఈ చేలే.

కాబట్టి ఈ మండలంలో, ఈ జిల్లాలో మురుగు కాలువ పూడిక తీయడానికి, దాని చివర తూము కట్టడానికి, ఏటిగట్టు ఎత్తు పెంచడానికి, 2027 పుష్కరాలకు రేవులు బాగుచేయడానికి ఏ అంచనా పత్రం తయారైనా, రైతు సంఘాలవాళ్లూ గ్రామ పంచాయతీలవాళ్లూ అధికారుల్ని ఒక్క ప్రశ్న అడగండి. మొగ దగ్గర సముద్ర మట్టం ఏ ఏటిది తీసుకుని ఈ డిజైను గీశారు, ముందు యాభై ఏళ్లకు ఎంత కలిపారు అని. పాత మట్టంతోనే గీసిన తూమైతే దాన్ని మళ్లీ గీయమని చెప్పండి. కర్ర పాతి కొలిచినవాళ్లు అంకె ఇచ్చేశారు. అది ఆ కాగితంలో ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే.